ఎవరి ప్రాణం, ఎవరి పందెం?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి ఏ సందులోకి తిరిగినా కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తాయి. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, ఎస్సై ఉద్యోగాలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు, స్పోకెన్ ఇంగ్లిష్. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో దిగిన పిల్లలు బట్టీపట్టే ఇంగ్లిష్ పర్యాయపదాల్లో ‘జెపర్డైజ్’ అనేది ఒకటి. దాని పక్కనే ఎండేంజర్, ఇంపెరిల్, రిస్క్ అని ఉంటాయి. ఎదురుగా తెలుగులో ‘ప్రమాదంలో పడేయడం’ అని ఉంటుంది. పరీక్షలో ఒక మార్కు తెచ్చుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. కానీ ఆ మాట లోపల ఒక ఆట ఉంది, ఆటలో ఒక పందెం ఉంది, పందెంలో పెట్టిన సొమ్ము ఉంది. ఆ సొమ్ము ఎవరిదన్న ప్రశ్న అర్థాల జాబితాలో కనిపించదు. ఆ పిల్లలు మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఎదురయ్యేది మాత్రం సరిగ్గా ఆ ప్రశ్నే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, అక్కడినుంచి హయత్‌నగర్ దాకా సాగే ఈ రద్దీ దారిలో ఒకరి ప్రాణాన్ని ఇంకొకరు పందెంలో పెట్టడం అతి మామూలు సంగతైపోయింది. దాన్ని మనం తప్పు కింద లెక్కించేది ఎవరైనా రక్తం చిందించి పడిపోయినప్పుడే. తప్పు అంతకుముందే, పందెం కాసిన క్షణంలోనే జరిగిపోయిందని చెప్పడానికి ఆ ఇంగ్లిష్ మాట పుట్టుక మనకు కొంత సాయపడుతుంది, మన పాత మాటలు ఇంకా ఎక్కువ సాయపడతాయి.

జెపర్డీ అన్నది పాత ఫ్రెంచిలోని ‘జు పార్తి’ నుంచి వచ్చింది. ‘పంచిన ఆట’ అని దాని అర్థం. 13వ శతాబ్దంలో ఫ్రాన్సు కవులు సభల్లో ఈ పేరుతో ఒక వాదన ఆడేవాళ్ళు. మొదటి కవి రెండు పక్షాలు ముందు పెడతాడు. రెండోవాడు తనకు నచ్చినది ఎంచుకుంటాడు. మిగిలిన పక్షాన్ని మొదటివాడు సమర్థించి తీరాలి. రెండు పక్షాలూ సమానంగా ఉంటేనే ఆటకు రుచి. అక్కడినుంచి ఆ మాట ఇంగ్లిష్‌లోకి, చదరంగంలోకి వెళ్ళింది. గెలుపోటములు ఎటు తిరుగుతాయో తేలని చిక్కు ఎత్తులను ‘జెపర్డీలు’ అనేవాళ్ళు. 1368లో చనిపోయిన బ్లాంష్ అనే రాచకుటుంబపు స్త్రీని తలచుకుంటూ ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన ‘బుక్ ఆఫ్ ది డచెస్’ కావ్యంలో, భార్యను పోగొట్టుకున్న యువకుడు విధితో చదరంగం ఆడి రాణిని పోగొట్టుకున్నానని దుఃఖిస్తాడు. ఆ చిక్కు ఎత్తులు తెలిసి ఉంటే ఇంకా బాగా ఆడేవాణ్ణని అంటాడు. సమానావకాశం అనే అర్థం మెల్లగా ‘ఎటు పోతుందో తెలియని స్థితి’గా, తర్వాత ‘పోగొట్టుకునే భయం ఉన్న స్థితి’గా మారింది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ప్రాణాలకు తెగించిన గోత్రాల గురించి చెప్పేటప్పుడు ‘జెపర్డ్’ అనే పాత క్రియ కనిపిస్తుంది. చివర ‘ఐజ్’ తగిలించిన నేటి రూపం 17వ శతాబ్దంలో మొదలైంది. 1828 నిఘంటువులో నోవా వెబ్‌స్టర్ ఈ కొత్త రూపం అనవసరమని తేల్చాడు. జనం ఆయన మాట వినలేదు. ఆయన సరైనదన్న పాత రూపం పుస్తకాలకే పరిమితమైంది, ఆయన వద్దన్నది నిలిచింది.

వాడుకలో ఈ మాటకు ఒక పట్టింపు ఉంది. పోగొట్టుకోదగిన విలువైనదేదో ఉంటేనే దాన్ని ‘జెపర్డైజ్’ చేయగలం. ఉద్యోగాన్ని, దర్యాప్తును, శాంతి చర్చలను, పరువును, భద్రతను. మనిషిని నేరుగా ప్రమాదంలోకి నెట్టామని చెప్పాలంటే ‘ఎండేంజర్’ సహజంగా ఉంటుంది. పెనాల్టీని జెపర్డైజ్ చేశామని ఎవరూ అనరు, ఎందుకంటే పెనాల్టీ తప్పిపోతే సంతోషమే గాని నష్టమేమీ లేదు. అంతరించే జీవులకు, ప్రాణహానికి ‘ఎండేంజర్’ అనే మాటే స్థిరపడింది. ఆ మాటలోని ‘డేంజర్’ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. పాత ఫ్రెంచిలో అది యజమాని అధికారం, దొర పెత్తనం అనే అర్థమున్న మాట. ఒకడి డేంజర్‌లో ఉండటమంటే వాడి చేతికింద, వాడి దయాదాక్షిణ్యాల మీద ఉండటం. అపాయం అనే అర్థం తర్వాత వచ్చింది. ఒక మాట పందెం నుంచి, ఇంకో మాట పరాధీనత నుంచి పుట్టి ఒకే చోటికి చేరాయి: నా మంచిచెడ్డలు నా చేతిలో లేకుండా ఇంకొకరి ఆటలో చిక్కుకున్న స్థితి.

తెలుగులో మనం దీన్ని ‘ప్రమాదం’ అంటాం. ఆక్సిడెంటుకీ అదే మాట, అపాయానికీ అదే మాట. సంస్కృతంలో దాని మొదటి అర్థం వేరు: ఏమరుపాటు, పట్టనితనం. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించుకుని వెళ్తున్న శిష్యుడికి గురువు చేసే బోధలో ఆ ధాతువు పదేపదే వస్తుంది; సత్యం విషయంలో, ధర్మం విషయంలో ఏమరవద్దన్న హెచ్చరికగా. బౌద్ధుల ధమ్మపదంలో రెండో అధ్యాయం పేరే అప్పమాదవగ్గం, అంటే ఏమరుపాటు లేకపోవడం గురించిన అధ్యాయం. మనిషి చేసిన తప్పుకు పేరుగా ఉన్న మాట కాలక్రమంలో మనిషికి ‘జరిగిన’ దానికి పేరుగా మారిపోయింది. ఇప్పుడు ‘ప్రమాదవశాత్తు’ అంటే ఎవరి ప్రమేయం లేకుండా అని అర్థం చేసుకుంటున్నాం. బస్సు దొర్లినా, గోడ కూలినా, మ్యాన్‌హోల్‌లో మనిషి పడినా పత్రికల్లో అదే మాట వస్తుంది. కారకుడు వాక్యంలోంచి మాయమైపోతాడు.

అయితే ఆ లోటు తీర్చే మాటలు తెలుగులో బతికే ఉన్నాయి. ‘ప్రాణాలను పణంగా పెట్టడం’, ‘ప్రాణాలొడ్డడం’. పణమన్నా పందెమన్నా ఆట సొమ్మే. ఒడ్డడమంటే పందెంలో పెట్టడం. జెపర్డైజ్‌కు వీటికంటే దగ్గరి మాట ఇంకోటి లేదు. ఒక తేడా మాత్రం ఉంది. మనం ప్రాణాలొడ్డిన వీరుల గురించే చెప్పుకుంటాం, అంటే తమ ప్రాణం తామే ఒడ్డినవాళ్ళ గురించి. ఇతరుల ప్రాణం ఒడ్డినవాడి కథ కూడా మన దగ్గర ఉంది. అది నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలోనే ఉంది. జూదంలో రాజ్యం, తమ్ముళ్ళు, తాను, చివరకు ద్రౌపది. సభకు రమ్మన్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్న తెలుగువాళ్ళందరికీ తెలుసు: ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను పోగొట్టుకున్నవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని దాని తాత్పర్యం. పాచికలు ఎలా పడ్డాయని ఆమె అడగలేదు. గెలిచి ఉంటే ఏమయ్యేదని అడగలేదు. ఒడ్డే హక్కు ఉందా లేదా అన్నదే ఆమె వ్యాజ్యం. ధర్మరాజు ఆ పందెం గెలిచి ఉన్నా ఆ ప్రశ్న అలాగే నిలిచి ఉండేది. భీష్మాదులు తేల్చలేకపోయిన ఆ ప్రశ్న, ఇతరులను అపాయంలోకి నెట్టడం గురించి మన సాహిత్యం అడిగిన అన్నిటికంటే పదునైన ప్రశ్న అని నా నమ్మకం.

మాటల పుట్టుక పట్టుకుని నీతులు లాగడం సరికాదని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఎనిమిది వందల ఏళ్ళనాటి ఫ్రెంచి ఆట ఇవాళ్టి ఇంగ్లిష్ మాటను శాసించదు. ఏమరుపాటు అనే పాత అర్థం ఉన్నంతమాత్రాన ప్రతి ప్రమాదానికీ ఎవరో ఒకరు దోషి అని రుజువు కాదు. చెట్టు మీద పిడుగు పడితే అందులో ఎవరి ఏమరుపాటూ లేదు. మాటల చరిత్రను నేను సాక్ష్యంగా నిలబెట్టడం లేదు, ఎక్కడ వెతకాలో చూపించే దారిగా తీసుకుంటున్నాను. సాక్ష్యం కావాలంటే చట్టంలోనే ఉంది.

భారత శిక్షాస్మృతి 1860లో వచ్చింది, 1862లో అమల్లోకి వచ్చింది. అందులో 336వ సెక్షన్ ఇతరుల ప్రాణానికి, శరీర భద్రతకు అపాయం కలిగేలా దుడుకుగా గాని నిర్లక్ష్యంగా గాని ప్రవర్తించడమే నేరమంది. ఎవరికీ గీత కూడా పడకపోయినా సరే. శిక్ష మూడు నెలల జైలు, లేదా 250 రూపాయల జరిమానా, లేదా రెండూ. గాయమైతే 337, తీవ్ర గాయమైతే 338. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే వర్తించే, మనం రోజూ వార్తల్లో వినే 304-ఏ సెక్షన్ మొదట ఆ స్మృతిలో లేనే లేదు; 1870లో చేర్చారు. అంటే ఈ దేశంలో నిర్లక్ష్యపు చావుకు ప్రత్యేకమైన సెక్షన్ రావడానికి పదేళ్ళ ముందే, ఏ హానీ జరగని అపాయం నేరంగా నమోదైంది. 1881లో అలహాబాద్ హైకోర్టు ఇదూ బేగ్ కేసులో దుడుకుతనమంటే ఏమిటో వివరించింది. హాని చేయాలన్న ఉద్దేశం ఉండదు, హాని జరుగుతుందన్న నిశ్చయమూ ఉండదు. జరగవచ్చునని తెలిసి కూడా లెక్కచేయకుండా ముందుకు దూకడంలోనే నేరం ఉందన్నది దాని సారాంశం. నిర్లక్ష్యమంటే తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవడం. నేటికీ న్యాయస్థానాలు ఆ నిర్వచనాన్ని తలుచుకుంటూనే ఉన్నాయి. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక 336, 337, 338 సెక్షన్లు మూడూ 125లో కలిశాయి. 250 రూపాయల జరిమానా 2,500 అయింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు. 1860లో 250 రూపాయలంటే ఒక కుటుంబాన్ని కుంగదీసే డబ్బు. నూట అరవై ఏళ్ళకు పైగా ఆ అంకె కదలలేదు. హాని జరగని అపాయాన్ని మనం ఎంత తేలిగ్గా తీసుకున్నామో ఆ కదలని అంకె చూస్తేనే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక భేదం చూపాలి. ఇదే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్ళు జరిగాయి. బస్టాపు దగ్గర నిలబడినవాళ్ళు, టీ తాగుతున్నవాళ్ళు, పాఠాలు ముగించుకుని వచ్చిన పిల్లలు బలయ్యారు. 2016 డిసెంబరులో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. అక్కడ చంపాలన్న సంకల్పం ఉంది. అపాయంలోకి నెట్టడం ఆ కోవలోది కానే కాదు, ఆ రెండిటినీ ఒకే గాటన కట్టడం బాధితులకే అన్యాయం. నేను చెప్పే తప్పులో ద్వేషం ఉండదు. ఎదుటివాడు చావాలని ఎవరూ కోరుకోరు. వాడు బతికి ఉండటం గురించి ఆ క్షణంలో ఆలోచించరు, అంతే. ద్వేషం అరుదుగా ఉంటుంది, ఈ పట్టనితనం మాత్రం రోజూ ఉంటుంది. అందుకే మొత్తం మీద అది తీసే ప్రాణాలు చాలా ఎక్కువ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకు 460 మందికి పైగా.

ఎల్బీ నగర్ చౌరస్తా ఈ లెక్క పుట్టేచోట్లలో ఒకటి. అటు విజయవాడ హైవే, అడ్డంగా ఉప్పల్ నుంచి ఆరాంఘర్ వైపు వెళ్ళే ఇన్నర్ రింగు రోడ్డు. సూర్యాపేట, ఖమ్మం, నల్లగొండ, విజయవాడ బస్సుల కోసం జనం రోడ్డు అంచునే నిలబడతారు. బస్సు ఆగేలోపే పరుగు. షేరింగ్ ఆటోలు ఎదురొస్తాయి. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక కార్లకు సిగ్నళ్ళు తగ్గాయి, వేగం పెరిగింది. రాంగ్ రూట్‌లో వచ్చే బైకుకు ఎదురుపడి తప్పుకున్నవాడు తిట్టబోతే వచ్చే జవాబు ఈ ఊళ్ళో అందరికీ తెలుసు: “ఇప్పుడేమైందని? ఏం కాలేదుగా!” నేను ఈ వ్యాసంలో ఎదుర్కోవాలనుకున్న వాదన అదే. అది రోడ్డు మీది మాట మాత్రమే అయి ఉంటే వదిలేయవచ్చు. అధికారులు, యజమానులు, చదువుకున్నవాళ్ళు కూడా ఇంకొంచెం మర్యాదగా అదే అంటారు.

దాన్ని బలమైన రూపంలో చెప్పుకుందాం. శిక్ష హానికి తగినట్టు ఉండాలి. హాని లేనిచోట శిక్ష ఎందుకు? ఏ హానీ చేయనివాడిని చేసినట్టు చూడటం ఊహలకు శిక్ష వేయడం కాదా? జవాబు ఇది. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే రాత్రి ఒకే వేగంతో ఒకే యూటర్న్ దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చారనుకోండి. ఒకడి ముందుకు ఎవరూ రాలేదు. ఇంకొకడి ముందుకు పాలప్యాకెట్లు తెచ్చే మనిషి వచ్చాడు. ఇద్దరి మనసులో ఉన్నదీ ఒకటే, చేతుల్లో ఉన్నదీ ఒకటే. తేడా తెచ్చింది మూడోవాడు ఆ నిమిషంలో ఇల్లు కదలడం, కదలకపోవడం. దాన్ని మొదటివాడి ఖాతాలో పుణ్యంగా రాయలేం. శిక్షలో తేడా ఉండవచ్చు, ఉంది కూడా. ప్రాణం పోయిన ఇంటికి జరగాల్సిన న్యాయం వేరు. తప్పు ఉందా లేదా అన్నది మాత్రం అదృష్టం తేల్చే విషయం కాదు. ఏమీ జరగని పందెం మనిషికి ఇంకో కీడు కూడా చేస్తుంది. ఇది క్షేమమేనన్న తప్పు పాఠం నేర్పుతుంది. వందసార్లు రాంగ్ రూట్‌లో వచ్చి క్షేమంగా ఇల్లు చేరినవాడు తాను జాగ్రత్తపరుడినని నమ్ముతాడు. నిజానికి వందసార్లు జాగ్రత్తపడింది ఎదురొచ్చినవాళ్ళు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ను 2019లో సవరించినప్పుడు రెడ్ సిగ్నల్ దాటడం, ఫోన్ పట్టుకుని నడపడం, వాహనాల రాకకు ఎదురుగా నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తాయని స్పష్టంగా చేర్చారు. ఏదో ఒకటి జరిగేదాకా చట్టం ఎదురుచూడనక్కర్లేదని దాని అర్థం. మద్యం విషయంలోనూ అంతే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఎవరినీ గుద్దనక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే లోతైనది. బతకడమే అపాయంతో కూడుకున్న పని. బస్సు నడిపే ప్రతి డ్రైవరూ కొంత అపాయం కలిగిస్తాడు, మందు ఇచ్చే ప్రతి డాక్టరూ కలిగిస్తాడు. అన్నిటినీ పందెమంటే ఇక ఏ పనీ సాగదు. నిజమే. కాబట్టి పందేలన్నీ ఒకటి కావు, వేటిని తప్పుపట్టాలో చెప్పే గీటురాళ్ళు కావాలి. నాకు తోచినవి మూడు. అపాయంలో పడుతున్నవాడికి ఆ సంగతి తెలుసా? తెలిస్తే ఒప్పుకున్నాడా? దానివల్ల వచ్చే లాభంలో అతనికి వాటా ఉందా? ఆపరేషన్‌కు ఒప్పుకున్న రోగికి మూడూ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళకు మూడిట్లో ఒక్కటీ లేదు. లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి ఆవిరై ఊరి మీద కమ్మింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. తమ ప్రాణాలు ఆ ట్యాంకు ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉన్నాయని ఆ ఊరివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నానని చెప్పినా నష్టానికి పూర్తి బాధ్యుడేనని సుప్రీంకోర్టు 1986లోనే, ఢిల్లీ ఓలియం గ్యాసు కేసులో చెప్పింది. లాభం నీదైనప్పుడు పందెం సొమ్ము కూడా నీదే కావాలన్నది ఆ తీర్పు వెనకున్న న్యాయం.

హెల్మెట్ విషయం ఈ గీటురాయి మీద కొంచెం తికమకగా ఉంటుంది. ‘నా తల, నా ఇష్టం’ అనేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. తన ప్రాణం తాను ఒడ్డే హక్కు మనిషికి కొంత ఉందనే నేనూ అనుకుంటాను. కానీ 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో పెద్దవాళ్ళు కొందరు తామే వద్దనుకుని ఉండవచ్చు. ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లవాడు, అమ్మానాన్నల మధ్య ఇరికిన చిన్నపిల్ల అలా అనుకోలేదు. ‘నా ఇష్టం’ అన్న మాట హ్యాండిల్ పట్టుకున్నవాడి తలతోనే ఆగిపోతుంది.

రోడ్డు దాటి మళ్ళీ కోచింగ్ సందుల్లోకి వెళ్తే, అక్కడ పందెం ఇంకా నిశ్శబ్దంగా సాగుతుంది. పైన పెంట్‌హౌస్ రేకుల గదులు, కింద సెల్లార్, మధ్యలో ఒకే ఇరుకు మెట్లదారి, దాని పక్కనే కరెంటు మీటర్ల వరుస, కిటికీలకు ఇనుప గ్రిల్స్, వరండాలో జనరేటరు లేదా ఇన్వర్టరు. ఇలాంటి కట్టుబడి ఏం చేస్తుందో దేశం చూసింది. 2019 మే 24న సూరత్‌లో తక్షశిల భవనం పై అంతస్తులో కోచింగ్ తీసుకుంటున్న 22 మంది విద్యార్థులు చనిపోయారు. పొగ నుంచి తప్పించుకోలేక కిందికి దూకినవాళ్ళు అందులో ఉన్నారు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో సివిల్స్‌కు చదువుతున్న ముగ్గురు సెల్లార్‌లోని లైబ్రరీలో వరదనీటిలో మునిగిపోయారు. సామాన్లు పెట్టుకోవడానికి అనుమతి ఉన్న చోట చదువుకునే గది నడిపారు. మన నగరంలోనే 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు పోయారు. జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు. ఫీజు కట్టి ఆ గదిలో కూర్చున్నారు కాబట్టి వాళ్ళు ఒప్పుకున్నట్టే కదా అని ఒక యజమాని వాదించవచ్చు. ఫీజు చదువుకు కట్టారు. మెట్లు ఎన్ని ఉన్నాయో, పైన తలుపుకు తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అద్దె మిగిలించుకున్నది ఒకరు, పందెంలో పడ్డది ఇంకొకరు. పైగా అక్కడికి వచ్చే పిల్లలు ఎంచుకునే స్థితిలో లేనివాళ్ళు. నోటిఫికేషన్ వచ్చేలోపు సిలబస్ పూర్తి చేయాలి, ఇంటి నుంచి వచ్చే డబ్బులో ఇమిడే గది ఇదే.

నీళ్ళ విషయంలోనూ ఇదే లెక్క. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి మునిగాయి. కోదండరామ్ నగర్ పేరు అప్పుడు రాష్ట్రమంతా వినపడింది. నాలా మీద గోడ కట్టుకున్నవాడి ఇల్లు చాలాసార్లు మునగదు. మునిగేది కిందివాడి ఇల్లు. నీళ్ళు ఎగువ తప్పును దిగువకు మోసుకెళ్తాయి. అందుకే నాలా ఆక్రమణను స్థలం గొడవగా, రెవెన్యూ తగాదాగా చూసినంతకాలం అందులోని నేరం కనపడదు. ఎన్ని గజాలు కలుపుకున్నాడని అడుగుతాం గాని, ఎన్ని కుటుంబాల నిద్రను పణంగా పెట్టాడని అడగం.

ఇక చివరిది, నేను అన్నిటికంటే గౌరవించే అభ్యంతరం. రాంగ్ రూట్‌లో వచ్చేవాడు ఎప్పుడూ పొగరుబోతే కాదు. యూటర్న్ కిలోమీటరు అవతల పెడితే, ఆటో తోలుకునే మనిషి పెట్రోలు ఖర్చుకు భయపడి ఎదురు వస్తాడు. వంతెన మెట్లు ఎక్కలేని ముసలామె డివైడర్ సందులోంచి దాటుతుంది. అలాంటివాళ్ళను నిందించి రోడ్డు గీసినవాళ్ళను వదిలేయడం అన్యాయమని ఈ వాదన చెబుతుంది. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంతమాత్రాన నా వాదన వీగిపోదు, పరిధి పెరుగుతుంది. ఆ ముసలామె ఒడ్డుతున్నది తన ప్రాణమే, అదీ తప్పనిసరై. పందెం కాసింది కార్ల వేగం కోసం ఫ్లైఓవర్ ముందు కట్టి, కాలినడకను తర్వాత చూద్దామనుకున్న ప్రణాళిక. మెట్రో స్టేషన్ల మీదుగా రోడ్డు దాటే వీలు కొంత మేలు చేసింది గాని రెండు స్టేషన్ల మధ్య ఉన్నవాళ్ళకు ఆ మేలు అందదు. 2023 జూన్‌లో సాగర్ రింగు రోడ్డు దగ్గర కడుతున్న ఫ్లైఓవర్ ర్యాంపు రాత్రిపూట కూలి కూలీలు గాయపడ్డారు. పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చి ఈ ఊరి రద్దీ తగ్గించడానికి రాత్రుళ్ళు మేలుకున్నవాళ్ళు. వాళ్ళ తలల మీద ఉన్న బరువును ఎవరు లెక్కవేశారో, ఎవరు సంతకం చేశారో, ఆ లెక్కలో తప్పు ఎక్కడ ఉందో తేల్చడం కూడా 125వ సెక్షన్ మాట్లాడే విషయమే. ఆటోవాలాకు ఒక చలానా, ప్రణాళిక వేసినవాడికి ఒక ప్రారంభోత్సవం దక్కినంతకాలం ఆ సెక్షన్ సగమే అమలవుతుంది.

ఆ సెక్షన్‌ను మన పోలీసు స్టేషన్లలో చాలావరకు ఎవరికో గాయమైన తర్వాతే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కిస్తారు. గాయం లేని అపాయాన్ని నమోదు చేసే అలవాటు ఇంకా రాలేదు. విమానయానంలో ఆ అలవాటు ఎప్పటినుంచో ఉంది. రెండు విమానాలు తగినంత దూరం పాటించకుండా దగ్గరికొస్తే, ప్రయాణికులంతా క్షేమంగా దిగినా, దర్యాప్తు జరుగుతుంది. ఎందుకలా జరిగిందో రాసి పెడతారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు కింద పడబోయి తప్పించుకున్నవాడి సంగతి ఎక్కడా రాయరు. కోచింగ్ సెంటర్ మెట్ల మీద మీటరు బోర్డు మాడి పొగ వచ్చి ఆరిపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరు మార్పిస్తారు. కాలనీలో మూత లేని మ్యాన్‌హోల్‌లో కాలు జారి బయటపడ్డ పిల్లవాడి విషయం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరోజు తిరిగి ఆగిపోతుంది. ఇవన్నీ జరిగిన పందేలే. వాటిని తేదీ, చోటు, కారణంతో సహా వార్డు ఆఫీసులోనో, ట్రాఫిక్ స్టేషన్‌లోనో ఒక పుస్తకంలోకి ఎక్కిస్తే, ఏ మలుపు దగ్గర, ఏ భవనంలో, ఏ నాలా పక్కన ఎవరి ప్రాణం ఎవరు ఒడ్డుతున్నారో శవపంచనామా అక్కర్లేకుండానే తెలుస్తుంది.